కొండ మీద కెమెరా

ఒక చిన్న ఊళ్లో ఒక చిన్న పత్రిక ఉండేది. ఆ పత్రికకు ఫొటోలు తీసే మనిషి ఒకడు ఉండేవాడు. అతను పత్రిక ఉద్యోగి కాదు. పని పడితే కబురు వచ్చేది, వెళ్లి తీసిచ్చేవాడు. ఫొటో కింద అందులో ఉన్నవాళ్ల పేర్లు అచ్చు వేసేవారు గాని తీసినవాడి పేరు వేసేవారు కాదు. అందుకని అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఊరంతా ఫొటోబాబు అనేది.

ఏళ్ల తరబడి అతను తీసినవి అవే. శంకుస్థాపనలు, సన్మానాలు, లారీ గుద్దిన ఆటోలు, వరద నీళ్లలో మోకాలి దాకా దిగి నిలబడ్డ అధికారులు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, దండ ఎంత పైకి సర్దాలో అతని చేతులకే తెలిసిపోయేది. ఇంటికొచ్చాక భార్య, ఇవాళ ఏం తీశావని అడిగేది. ఎంత ఆలోచించినా గుర్తొచ్చేది కాదు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది.

ఊరి చివర ఒక కొండ, దాని మీద కూలీల ఇళ్లు ఉన్నాయి. ఒక వేసవిలో మునిసిపల్ చైర్మన్ అక్కడ కుళాయి వేయించాడు. ప్రారంభానికి పత్రిక ఫొటోబాబును పంపింది. చైర్మన్ కుళాయి తిప్పగానే నీళ్లు బుస్సుమని వచ్చాయి. ఆడవాళ్లు బిందెలతో ముందుకు తోసుకొచ్చారు. ఫొటోబాబు ఫొటో తీసి, కెమెరా సంచిలో పెట్టుకుని, చైర్మన్ కారు వెనకాలే స్కూటర్ మీద దిగిపోయాడు. అతను కొండ దిగేసరికి కుళాయి ఆగిపోయింది. మర్నాడు పత్రికలో మాత్రం నీళ్లు అలాగే పడుతున్నాయి.

నెల తిరక్కుండా ఎవరో పెద్ద అధికారి కొండ చూడటానికి వచ్చాడు. మళ్లీ ఫొటోబాబు వెళ్లాడు, మళ్లీ నీళ్లొచ్చాయి, మళ్లీ ఆగిపోయాయి. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి, సన్యాసమ్మ అనే ముసలామె అతని స్కూటర్‌కు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె రోజూ కొండ దిగి, పెద్దవీధి కుళాయి దగ్గర అందరూ పట్టుకున్నాక తన బిందె నింపుకుని, ఆగుతూ ఆగుతూ పైకి ఎక్కే మనిషి.

"బాబూ, నువ్వొస్తేనే నీళ్లొస్తన్నాయి. రోజూ రా."

అందులో తన గొప్ప ఏమీ లేదని అతను ఓపిగ్గా చెప్పాడు. కింద కొండ దారి మొదట్లో టాంకు దగ్గర వాల్వు ఉంటుంది, దాన్ని అప్పలసూరి అనే మనిషి తిప్పుతాడు, కొండ వైపు తిప్పితే కొండకు, పెద్దవీధి వైపు తిప్పితే పెద్దవీధికి నీళ్లు వెళతాయి, అంతేనన్నాడు.

"ఎవులు తిప్పితే ఏటి బాబూ" అంది సన్యాసమ్మ. "నువ్వొచ్చినప్పుడే గదా తిప్పుతున్నాడు."

అతను స్కూటర్ దిగాడు. ఎండిపోయిన కుళాయిని ఒక ఫొటో తీసుకుని సంపాదకుడి దగ్గరికి వెళ్లాడు. సంపాదకుడు చెడ్డవాడేం కాదు. ఫొటోను చాలాసేపు చూశాడు. బాగా వచ్చిందన్నాడు. తర్వాత దాన్ని బల్ల మీద నుంచి మెల్లగా ఇవతలికి తోశాడు.

"నీళ్లు వస్తున్నాయని మనమే మూడుసార్లు వేశాం. ఇప్పుడు ఇది వేస్తే ఆ మూడూ ఏమవుతాయి?"

ఫొటోబాబు వాదించలేదు. వాదించే ఓపిక అతనికి ఎప్పుడో అయిపోయింది. కాని ఆ తర్వాత ఒకరోజు ఉదయం, ఎవరూ పిలవకుండానే కెమెరా తీసుకుని కొండెక్కాడు. కుళాయికి ఎదురుగా మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా నిలబెట్టాడు. కాసేపటికి గొట్టంలో గాలి కదిలింది. తర్వాత నీళ్లు వచ్చాయి.

అప్పటినుంచి రోజూ వెళ్లేవాడు. మొదట్లో నాలుగు ఫొటోలు తీసేవాడు. తర్వాత తీయడం మానేశాడు. కెమెరా నిలబెట్టి, పక్కన రాయి మీద కూర్చునేవాడు. అందరి బిందెలూ నిండాక దిగి పత్రిక పనుల మీద తిరిగేవాడు. సన్యాసమ్మకు ఇక కొండ దిగే పని లేకపోయింది. అతనికి మాత్రం రోజుకు ఒక పని పెరిగింది. స్కూటర్ ఎక్కలేని చోట స్టాండు భుజాన వేసుకుని నడవాలి. ఒంట్లో ఎముకలన్నీ ఒక్కొక్కటీ విడిగా నొప్పి పెట్టేవి.

అలాంటి ఒక ఉదయం అతను సన్యాసమ్మ అరుగు మీద ఆమె ఇచ్చిన అంబలి తాగి, గోడకు వీపు ఆనించాడు. కళ్లు మూతపడ్డాయి. ఎవరూ లేపలేదు. లేచేసరికి ఎండ నడినెత్తి దాటింది. కుళాయి ఇంకా పారుతోంది. బిందెలు, బకెట్లు, గాబులు అన్నీ నిండాయి. ఒకామె దుప్పట్లు ఉతుకుతోంది. ఎవరో చిక్కుడు పాదుకు నీళ్లు పెడుతున్నారు. బాలింత ఒకామె పిల్లకు తొందర లేకుండా నీళ్లు పోస్తోంది. కొండ మీద నీళ్లు ఒలికిపోవడం అతను అదే మొదటిసారి చూశాడు.

అంతలో అప్పలసూరి రొప్పుతూ పైకి వచ్చాడు. ఎంతసేపటికీ దిగలేదేమని అడిగాడు. పెద్దవీధిలో వాళ్లు కేకలేస్తున్నారట. కట్టేయవచ్చు కదా అన్నాడు ఫొటోబాబు. అలా కుదరదన్నాడు అప్పలసూరి. చైర్మన్‌గారు మొదటి రోజే గట్టిగా చెప్పారట: కెమెరా పైకెళితే కొండకు తిప్పాలి, కెమెరా కిందకొస్తే కట్టెయ్యాలి. కెమెరా పైన ఉండగా కుళాయి ఎండితే ఉద్యోగం పోతుందట.

"దిగాల్సింది నేనా, కెమెరానా?"

అప్పలసూరి చెమట తుడుచుకున్నాడు. "కెమెరా అనే చెప్పారు. నీ మాట ఎత్తలేదు."

ఫొటోబాబుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ రోజు అతను కెమెరా సర్దుకుని దిగిపోయాడు. అదొక్కటే ఉంది అతనికి. ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. అతను రోడ్డు మీదకు రాగానే వెనక కొండ మీద బిందెల చప్పుడు ఆగిపోయింది.

వారం గడవకముందే సంపాదకుడు పిలిచి కూర్చోబెట్టాడు. కొత్త టౌన్‌హాలు ప్రారంభమవుతోంది, జిల్లా పెద్దలంతా వస్తున్నారు, మొదటి పేజీ అంతా ఆ ఫొటోనే అన్నాడు. అది బాగా కుదిరితే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నాడు. ఇక పొద్దున్నే ఆఫీసుకు రావాలి, ఎక్కడికి పంపితే అక్కడికే వెళ్లాలి అని కూడా అన్నాడు. ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె అతని తెల్ల చొక్కా తీసి రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ప్రారంభం రోజు పొద్దున తెల్ల చొక్కాతోనే కొండెక్కాడు. కెమెరా నిలబెట్టాడు. నీళ్లొచ్చాయి. వరసలో సగంమంది ఉండగానే వేళయింది. లేచి స్టాండు కాళ్లు ముడవబోయాడు. కుళాయి కింద సన్యాసమ్మ బిందె ఉంది, ఇంకా నిండలేదు. ఆమె చొక్కా వైపు చూసింది. ఎక్కడికో మంచి పని మీద వెళుతున్నాడని ఆమెకు అర్థమైంది. బిందె పక్కకు జరిపి, వెనకున్న బాలింతను ముందుకు రమ్మంది.

"ఎల్లొచ్చీ బాబూ. ఉన్నంతలో ఆ పిల్లది పట్టుకుంటాది."

అతను ముడిచిన కాలు మళ్లీ విప్పాడు. స్టాండు కాళ్లకు రాళ్లు ఆనించి గాలికి పడకుండా గట్టి చేశాడు. వాన వస్తే గోనెపట్టా కప్పమని సన్యాసమ్మకు చెప్పాడు. ఎన్నాళ్లు కప్పాలి బాబూ అని ఆమె అడిగింది. అతను స్కూటర్ వైపు నడిచాడు.

కింద టాంకు దగ్గర అప్పలసూరి వాల్వు మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఫొటోబాబు అతని దగ్గరికి వచ్చాడు. అప్పలసూరి అతని భుజం చూశాడు, చేతులు చూశాడు, తలెత్తి కొండ చూశాడు. వాల్వు మీంచి చెయ్యి తీసి, టాంకు నీడలో చతికిలబడి బీడీ ముట్టించుకున్నాడు.

టౌన్‌హాలు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. చైర్మన్ కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంపాదకుడు ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"కెమెరా ఏదయ్యా?"

"పనిలో ఉంది."

సంపాదకుడికి ఆ మాట అర్థం కాలేదు. ఇంకెవరి దగ్గరైనా కెమెరా ఉందేమోనని జనంలోకి పరుగెత్తాడు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే స్టూడియో యజమాని కోసం ఒకరిని పంపారు. స్టూడియో తాళం వేసి ఉందని కబురొచ్చింది. ఫొటోబాబు వెళ్లి ఆఖరి వరసలో ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏళ్లుగా సభలకు వస్తున్నా అతను సభలో కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు చాపుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ మెడలో పట్టీ కోసం వెతికి, ఒళ్లో పడి ఊరుకుంది.

మేళం ఆగింది. రిబ్బను ఎవరూ కత్తిరించలేదు. హాలు తెరవలేదు. పెద్దలంతా ఎండలో నిలబడే ఉన్నారు. ఫొటోబాబు చైర్మన్ ముఖం చూశాడు. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు తీశాడో ఆ ముఖాన్ని, అది ఇంత ముసలిదని తెలియలేదు. ఆయన ఒకసారి కుడివైపు చూశాడు, ఒకసారి ఎడమవైపు చూశాడు. ఎటు చూసి నవ్వాలో ఆయనకు తెలియడం లేదు.