నీడలమ్మ చీకట్లో కూర్చునే సాయంత్రం

పెద్దల నోట విన్నవీ, కళ్ళారా చూసినవీ గుర్తున్నంతవరకు రాసినది ఇది. ఎక్కడైనా ముందుది వెనక్కు, వెనకది ముందుకు వచ్చి ఉంటే యాత్రికులు మన్నించాలి.

నల్లగుట్టపల్లెలో బస్సు దిగితే ఎదురుగా కనిపించే రాతి గుడి నీడలమ్మది. విగ్రహం చిన్నది, చేతిలో ఆయుధం ఉండదు. గర్భగుడిలో ఆముదపు దీపం ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉంటుంది. ఉగాదికి ముందురోజు, కొత్త అమావాస్య సాయంత్రం మాత్రం పూజారి దాన్ని కొండెక్కించి, తలుపులు బార్లా తెరిచి పెడతాడు. కొత్తగా వచ్చినవారు చూసి కంగారు పడనక్కరలేదు.

పూర్వం ఇక్కడ అమ్మవారిని గుట్టమ్మ అని పిలిచేవారు. ఆ రోజుల్లో తోలుబొమ్మలాట ఆడే ఓబులప్ప కుటుంబం ఊరూరా తిరుగుతూ ఒక కొత్త అమావాస్యనాడు ఈ ఊరు చేరింది. దారిలో జబ్బుచేసి ఓబులప్పకు గొంతు పోయింది. కూతురు తిప్పక్క అంతవరకు తండ్రి వెనక వంత పాడినదే కాని, సొంతంగా ఆట నడిపినది కాదు. పాడే గొంతు లేని ఇంట్లో బొమ్మలు ఉండరాదని, తెల్లవారగానే వాటిని ఏట్లో కలిపేద్దామని ఓబులప్ప సైగలు చేశాడు. తిప్పక్క ఆ ఒక్క సాయంత్రం గడువు అడిగి పుచ్చుకుంది.

తెర వెనక దీపాలకు ఆముదం ఊరివాళ్ళే ఇవ్వడం ఆనవాయితీ. ఆమె ఊరి పెద్ద చెన్నారెడ్డి అరుగు దగ్గరకు వెళ్ళింది.

"ఇంతవరకు ఏయే ఊళ్ళలో ఆడినావు మే?" అన్నాడాయన.

"ఎక్కడా ఆడలేదు రెడ్డీ. ఇదే మొదలు."

"ఎక్కడా ఆడనిదానికి ఆముదం ఎట్లిచ్చేది? నాలుగూళ్ళు ఆడి రా, ఇస్తాం."

"ఆ నాలుగూళ్ళు చీకట్లో ఆడేదా రెడ్డీ?"

అరుగు మీదివాళ్ళు నవ్వారు. ఆముదం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

తిప్పక్క గుడి మెట్ల మీద కూర్చుని, బొమ్మల చేతులకు దారాలు బిగిస్తూ ఉండిపోయింది. పొద్దు వాలుతుండగా పూజారి సంజన్న ఆముదం కుండ తెచ్చి ఆమె ముందు దించాడు. అది గర్భగుడి దీపానిది. మధ్యాహ్నం కునుకులో అమ్మ కనిపించి, "ఆ దీపం వెలుగులో ఇన్నేళ్ళుగా నీ మొహమే చూస్తున్నా సంజన్నా. ఈ పూట ఇంకేదైనా చూడనీ" అన్నదట.

తిప్పక్క కుండ ముట్టలేదు. "ఆట చెడితే, సామీ?"

"నేనూ అదే అడిగినా తల్లీ. బాగుంటుందని ముందే తెలిస్తే చూసేదెందుకు అనింది."

గర్భగుడి చీకటైంది. గుడి ముందు తెర వెలిగింది. మొదట్లోనే తిప్పక్క గొంతు వణికింది. కాసేపటికి రాముడి బొమ్మకు ఎడమచెయ్యి ఊడింది. ఆ కంగారులో పద్యం సగంలో ఆగిపోయింది. వెనక వరసవాళ్ళు కండువాలు దులుపుకొని లేవబోయారు. తిప్పక్క పద్యాన్ని అక్కడే వదిలి, నవ్వించే బొమ్మలు రెండింటిని తెర మీదికి తెచ్చింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా మామా?" అంది ఆడబొమ్మ.

"ఇంతవరకు ఎక్కడెక్కడ కాపురం చేసినావు మే?" అంది మగబొమ్మ.

"ఎక్కడా చెయ్యలేదు."

"చెయ్యనిదాన్ని ఎట్ల చేసుకునేది? నాలుగిళ్ళలో కాపురం చేసి రా పో."

జనమంతా చెన్నారెడ్డి వైపు తిరిగారు. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు కాని, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. తిప్పక్క ఆగిపోయిన పద్యాన్ని ఎత్తుకుంది. ఈసారి అది చివరిదాకా వచ్చింది.

బొమ్మలు ఏటికి పోలేదు. మర్నాడు చెన్నారెడ్డి తానే కుండ మోసుకొచ్చి గుడి గడప దగ్గర దించాడు. "ఇది దీపానికి కాదు సంజన్నా. ఇంకా ఎక్కడా ఆడనివాళ్ళు ఎవరైనా వస్తే ఇయ్యి" అన్నాడు. చీకట్లో కూర్చుని నీడలాట చూసిన అమ్మకు నీడలమ్మ అన్న పేరు అప్పుడే వచ్చింది.

ఇప్పుడు తెర వెనక కరెంటు బల్బులు వచ్చాయి. అయినా భక్తులు ఆముదమో, దానికి బదులు తోచిన రొక్కమో సమర్పిస్తూనే ఉన్నారు. అదంతా కొత్త అమావాస్యనాడు ఒక కొత్త కళాకారుడి తొలి ప్రదర్శనకు ఇస్తారు. హరికథ కావచ్చు, నాట్యం కావచ్చు, మృదంగం కావచ్చు. గుడి కమిటీవారు ఏమైనా అడగవచ్చు కాని, ఇంతవరకు ఎక్కడ ప్రదర్శించారని మాత్రం అడగరాదు. ప్రదర్శన ముగిశాక గర్భగుడి దీపాన్ని ఆ కళాకారుడి చేతనే వెలిగిస్తారు. ప్రదర్శన చెడినా సరే. నలుగురి ముందు తొలిసారి నిలబడేవారిని అమ్మ చల్లగా చూస్తుందని ఈ ప్రాంతంవారి నమ్మకం.

అచ్చుకు పంపేముందు నా మనవరాలు హైమవతి ఇందులోని పేర్లు ఒకసారి సరిచూడాలి. పూజారి సంజన్నో సంజీవన్నో, రెడ్డి చెన్నారెడ్డో చిన్నపరెడ్డో ఊళ్ళో అడుగు తల్లీ. తిప్పక్క పేరు మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు.