చుక్కల ఫొటోకు నిలబడ్డ నక్క

చుట్టూ ఇసుక, నడుమ ఒక నల్లబండ. ఆ ఎడారి పార్కులో రాత్రిళ్లు దీపాలు పెట్టరు. అందుకే చుక్కలు చూడ్డానికీ, వాటిని ఫొటోలు తీయడానికీ జనం వెతుక్కుంటూ వస్తారు. ఆ బండ కింద ఉడుము గోళ్లు అరిగేలా బొరియ తవ్వుకుంది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ఓ సాయంత్రం మేతకెళ్లి వచ్చేసరికి లోపల నక్క కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గానీ, ఉడుముకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"సొమ్మొకడిది, సోకొకడిది! లే బయటికి!"

"అరవకు ఉడుమక్కా. నీదనడానికి సాక్ష్యమేది? పార్కుకొచ్చినవాళ్లంతా ఫొటోలు తీసేది నన్ను. నీ మొహం ఎవడైనా తీశాడా?"

తగవు ఒంటె తాత దగ్గరికెళ్లింది. ఫొటోలవాళ్ల సామాను మోసేది ఆ ఒంటే. తీరిగ్గా నెమరువేసి, "ఇవాళ అమావాస్య. ఆ బండకెదురుగానే కెమెరా పెడుతున్నారు. ఫొటోలో బొరియ ముందు ఎవరుంటే బొరియ వాళ్లది" అంది.

"న్యాయం అడిగితే నాటకమాడిస్తావా తాతా?" ఉడుము బుసకొట్టింది.

"ఆ కోపంతోనే బండను పట్టుకో. చుక్కల ఫొటోకు కెమెరా గంటసేపు కన్నార్పదు. ఇద్దరికీ చెబుతున్నా."

నక్క పకపకా నవ్వింది. "ఫొటోకు గంటా! టక్కుమంటే అయిపోతుంది. రోజూ దిగేదాన్ని, నాకు చెబుతావా?"

చీకటి పడింది. ఉడుము బొరియ ముందు బండను కరుచుకుంది. నక్క తోక పైకెత్తి నిలబడింది. కెమెరా టక్కుమంది. అంతే, పని అయిపోయిందనుకుని రొట్టెముక్కల కోసం డేరాల వైపు పరిగెత్తింది. మూతి నాక్కుంటూ తిరిగొచ్చి ఉడుము చుట్టూ గంతులేసింది.

"గుడ్లు ఏ ముళ్లపొదలో పెడతావో చూసుకో అక్కా!"

దాని గొంతు పట్టుకోవాలనిపించింది ఉడుముకు. కోపంతో కళ్లు మసకబారాయి. అయినా గోళ్లు రాయిలోకి దించి, తోక కూడా ఆడించకుండా ఉండిపోయింది. ఎప్పటికో కెమెరా మళ్లీ టక్కుమంది.

ఫొటోలతను చూసుకుంటుంటే ఒంటె అతని భుజం మీదుగా మెడ చాచింది. ఫొటోలో చుక్కలన్నీ ఆకాశమంతా వంపు గీతలు గీశాయి. కింద బండ, బొరియ, ఉడుము. నక్క వెంట్రుక కూడా లేదు. "గంటసేపు కదలకుండా ఉన్నవాళ్లే ఇందులో పడతారు" అని ఒంటె వచ్చి చెప్పింది.

"మోసం! నేనూ ఉన్నాను! కదిలితే పడదంటే, చుక్కలు కదల్లేదా?"

"వాటికి వెలుగుంది. ఉడుముకు నిలకడుంది. నీకు రెండూ లేవు, నడువ్."

నక్క వెనక్కి తిరిగిందో లేదో, గంటసేపు దిగమింగిన కోపమంతా ఉడుము దాని తోక మీద తీర్చుకుంది. ఉడుంపట్టంటే ఏమిటో నక్కకు తెల్లారేదాకా తెలుస్తూనే ఉంది.

కోపం అందరికీ వస్తుంది. పట్టున్నవాళ్లకే అది పనికొస్తుంది.