యాభై జవాబుల పల్లకీ

తూర్పు కొండల నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. తనకు తెలియనిది లోకంలో లేదనుకునేవాడు, అంతే. అలాంటివాడు చెడ్డవాడికన్నా ఎక్కువ చేటు చేస్తాడు.

ఆ రాజు ఒక కట్టడి పెట్టాడు. కోటలో ఏ కొలువు కావాలన్నా, వంటవాడైనా సరే, సేనాపతైనా సరే, సభలో నిలబడి ఆ కొలువుకని రాసిన యాభై ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ప్రశ్నలు రాసింది సభాపండితుడు వేదాద్రి భట్టు. జవాబులు రాసిందీ ఆయనే. ఆ తాటాకుల కట్టలను కోట గుమ్మం దగ్గర అమ్మేది ఆయన బావమరిది. కొన్నవాడు వల్లించేవాడు. వల్లించినవాడికి కొలువు దొరికేది. నీకు పని వచ్చా అని అడిగిన నాథుడు లేడు.

దాంతో ఏమైంది? వంటశాలలో కూర మాడింది. సరే, ఎలాగో మింగారు. పల్లకీ దగ్గరికి వచ్చేసరికి మనిషే విరిగాడు.

పల్లకీ మోసే బోయీల్లో ముందు నడిచేవాడికే దారి కనబడుతుంది. వెనకవాళ్ళకు పల్లకీయే అడ్డం. అందుకని ముందు బోయీ "రాయి" అని కేకేస్తే వెనకవాళ్ళు పక్కకు జరుగుతారు. "నీరు" అంటే పల్లకీని పైకెత్తుతారు. "కొమ్మ" అంటే వంగుతారు. నిజమేనా అని అడగరు. అడిగే తీరిక ఉండదు.

కిందటేడు యాభై జవాబులూ గడగడా అప్పజెప్పి ముందు బోయీ అయినవాడొకడు మొన్నామధ్య గిద్దల కనుమ దిగుతున్నాడు. జారుడు బండ ఎదురైంది. దానికి ఏమని అరవాలో గుర్తు తెచ్చుకుంటూ నిలబడిపోయాడు. వెనకున్న గంగులు జారిపడ్డాడు. మోకాలిచిప్ప పగిలింది. గంగులు మళ్ళీ లేచి నడవలేదు. ఆ ముందువాడు భయపడి ఊరొదిలి పారిపోయాడు.

ఇప్పుడు ఆ కొలువు ఖాళీ. నాలుగు రోజుల్లో రాజుగారు అదే కనుమ దాటి మేనకోడలి పెళ్ళికి వెళ్ళాలి. గంగులు చోట పల్లకీ వెనక బొంగు పట్టేది జోగులు. జోగులు అన్న పేరు దాలప్ప. ఇరవై ఏళ్ళుగా పల్లకీ మోస్తున్నవాడు. ముందు బోయీ కొలువు తనకు రాకపోతే, ఏ తాటాకు బోయీ వెనకనో తన తమ్ముడు ఆ లోయలోకి గుడ్డిగా దిగాలి.

అందుకే దాలప్ప కాలు ఒక్కచోట నిలవలేదు. గుమ్మం నుంచి వాకిలికి, వాకిలి నుంచి గుమ్మానికి తిరుగుతూనే ఉన్నాడు. పెళ్ళాం పైడమ్మ సభామంటపం ఊడ్చే మనిషి. విని విని ఆ యాభై జవాబులూ ఆమెకు నోటికొచ్చాయి. మొగుడి వెంట తిరుగుతూ వల్లె వేయించింది.

"కూకో మావా! కూకొని సెప్పు. ఇరవయ్యోది ఏటి?"

"కొమ్మ."

"కొమ్మ ఇరవై రెండు! ఇరవై నీరు!"

"నీరు ముందొస్తాదో, కొమ్మ ముందొస్తాదో దారి సెప్తాదే! నువ్వు సెప్తే వస్తాదేటి?"

"దారి కొలువిస్తాదేటి? బట్టుగోరు ఇస్తారు. సెప్పు!"

అన్నం చల్లారిపోయింది. పొద్దు వాలేలోగా యాభై జవాబులూ దాలప్ప నోటికొచ్చాయి.

మర్నాడు సభామంటపం బయట ఎనిమిది మంది వరసగా కూర్చున్నారు. అందరి పెదాలూ ఆడుతున్నాయి. ఒక్కడి భుజం మీదా బొంగు ఒరుసుకున్న కాయ లేదు. దాలప్ప అటూ ఇటూ తిరుగుతుంటే ద్వారపాలకుడు కసిరాడు.

"ఒరే, ఓచోట నిలబడరా! నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఒక్కొక్కడే లోపలికి వెళ్ళాడు. చిలకలా పలికాడు. భట్టు తల ఊపాడు. రాజు మీసం దువ్వాడు. చివరికి దాలప్ప వంతు వచ్చింది.

"దారిలో రాయి కనబడితే ముందు బోయీ ఏం చేయవలెను?" అని భట్టు అడిగాడు.

జవాబు నాలుక చివరనే ఉంది. కాని దాలప్పకు గంగులు మోకాలు కళ్ళ ముందు మెదిలింది. ఆగలేకపోయాడు.

"ఏ రాయి బాబూ?"

"రాయంటే రాయేరా!"

"పాతుకున్నదా, కదిలేదా? నాచు పట్టినదా, ఎండకి కాలినదా? ఎక్కేకాడా, దిగేకాడా? అది తెలీకుండా ఎలా సెప్పేది బాబూ?"

భట్టు నవ్వాడు. "ప్రభూ, వీడికి మొదటి జవాబే రాదు."

రాజు చిరాకుపడ్డాడు. "జవాబు రానివాడికి నా కొలువులో చోటు లేదు. పో!"

దాలప్ప పోలేదు. చేతులు కట్టుకున్నాడు.

"వచ్చు మహాప్రభో, యాభయ్యీ వచ్చు. నా ఆడది నిలబెట్టి నేర్పింది. కాని భుజం మీద బొంగు లేకపోతే నాకు నోరు పెగల్దు. తమరు పల్లకీ ఎక్కండి. మోస్తూ మోస్తూ యాభయ్యీ అప్పజెప్తాను. వరస ఒక్కటి తప్పినా నా తల తీసేయండి."

తనను మోస్తూ తను పెట్టిన పరీక్ష ఇస్తానంటే ఏ రాజు కాదంటాడు? ఉద్దండవర్మ దర్జాగా పల్లకీ ఎక్కాడు. ముందు దాలప్ప, వెనక జోగులు, మరో ఇద్దరు బోయీలు. కోట ముంగిలి అరచేతిలా చదునుగా ఉంది. సభంతా బయటికొచ్చి నిలబడింది.

దాలప్ప గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. నడక మొదలుపెట్టాడు.

"రాయి!" పల్లకీ ఎడమకు విసురుగా జరిగింది.

"మెట్టు!" బోయీలందరూ మోకాళ్ళు ఎత్తి లేని మెట్టు ఎక్కారు. రాజు ఎగిరిపడ్డాడు.

"పల్లం! బురద! ముల్లు!" పల్లకీ తూగింది, జారింది, గెంతింది. అలా పంతొమ్మిదీ అయ్యాయి.

"నీరు!" పల్లకీ నెత్తిమీదికి లేచింది. ఇరవై ఒకటోదీ అరిచాక "కొమ్మ!" అన్నాడు. అందరూ ఒక్కసారిగా వంగారు. రాజుగారి కిరీటం దొర్లుకుంటూ పోయింది.

"ఆపరా! ఇక్కడ కొమ్మేదిరా?"

"ఇరవై రెండోది మహాప్రభో! వరస తప్పలేదు."

"కళ్ళు తెరిచి నడవరా, మూర్ఖుడా!"

"కళ్ళు తెరిస్తే జవాబులు మర్సిపోతాను బాబూ!"

రాజు బయటికి తొంగి చూశాడు. ఎదురుగా గుర్రపుశాల వెనక పోసిన లద్దె కుప్ప, మనిషెత్తున ఉంది.

"ఒరేయ్, లద్దె! లద్దె కుప్పరా!"

"లద్దె మాట బట్టుగోరి పొత్తంలో లేదు మహాప్రభో! ఇరవై మూడు, మలుపు!"

ఆ మలుపు తిరగబట్టి రాజు బతికిపోయాడు. పల్లకీ కుప్ప అంచున ఆగింది. ఉద్దండవర్మ జారిన ఉత్తరీయం చేత్తో పట్టుకుని దిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నన్ను ఇంతమందిలో కుదేస్తావా? ఏమిటిరా ఇదంతా?"

దాలప్ప అప్పుడు కళ్ళు తెరిచాడు.

"జవాబులన్నీ సరైనవే మహాప్రభో. ఈ దారే సదువుకోలేదు."

రాజు మిగిలిన ఎనిమిది మంది వైపు తిరిగాడు.

"మీలో ఎవడైనా ఎప్పుడైనా పల్లకీ మోశాడా?"

ఎనిమిదిమందీ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకడు ధైర్యం చేసి అన్నాడు: "ఆ ప్రశ్న ఇందులో లేదు ప్రభూ."

రాజు మీసాలు అదిరాయి. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి దాలప్పకు తొడిగాడు.

"ముందు బోయీవి నువ్వేరా. మరి ఇకమీద కొలువుకు వచ్చేవాణ్ణి నేనేమని అడగాలి?"

"ఏటీ అడక్కండి బాబూ. ఆణ్ణి ముందు నడిపించి తమరు ఎనక బొంగు పట్టండి. పదడుగుల్లో తెలిసిపోద్ది."

"ఇప్పుడే పడతాను! పల్లకీ ఖాళీగా ఎందుకు? భట్టుగారూ, ఎక్కండి."

భట్టు శాస్త్రాలేవో చెప్పబోయాడు. ఎక్కించేశారు. రాజు జోగులు పక్కన బొంగు కింద భుజం పెట్టాడు. పల్లకీ కోట గుమ్మం దాటి బండ్ల దారిలో పడింది. రాజుకు ముందు ఏమీ కనబడలేదు. పల్లకీ వెనక చెక్క తప్ప మరేమీ లేదు.

"గుంట!" అని ముందునుంచి కేక వినబడింది. రాజుగారి పాదం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఇంకొకడి మాట విని పక్కకు జరిగింది.

నాలుగో నాడు గిద్దల కనుమ దిగుతూ దాలప్ప ఏ పొత్తంలోనూ లేని కేకలు ఎన్నో వేశాడు. జోగులు రెండు కాళ్ళ మీద ఇల్లు చేరాడు.