గుమ్మడిపూలకు సేనాపతి సేవ

తేనెటీగ కుట్టి ముక్కు వంకాయంత అయిన రోజున, మణిగిరి మహారాజు నిండు కొలువులో కేక పెట్టాడు.

"నా రాజ్యంలో ఒక్క తేనెటీగ కూడా ఉండకూడదు!"

సేనాపతి రణకేసరి మీసం మెలేశాడు. "చిత్తం ప్రభూ! రేపే ఊరూరా పొగబెట్టిస్తాను."

ఆస్థాన చమత్కారి విస్సన్న గబగబా ముందుకొచ్చాడు. అతని అత్తవారి ఊరు మల్లవరంలో అందరూ కుండల్లో తేనెటీగలను పెంచుకుని బతికేవాళ్లే. ఈగలు పోతే ఆ ఊరి పొయ్యిలో పిల్లి లేవదు.

"ప్రభూ, ఈగలు పోతే పోయాయి. మీ గుమ్మడికాయ దప్పళం గతేమిటి? పూలమీద ఈగ వాలితేనే కదా పిందె నిలిచేది!"

దప్పళమంటే రాజుకు ప్రాణం. ఆలోచనలో పడ్డాడు.

రణకేసరి పకపకా నవ్వాడు. "ఏమోయ్ విస్సన్నా, పిసరంత పురుగు చేసే పని నా భటులు చెయ్యలేరా? కోటలో గుమ్మడితోట నాకు అప్పగించండి ప్రభూ! ఒక్క ఈగను రానివ్వకుండా కాయలు కాయిస్తాను."

"కాయకపోతే?" అడిగాడు విస్సన్న.

"నువ్వు చెప్పినట్టు వింటాను. కాస్తే మాత్రం నువ్వు కొలువు వదిలి అత్తారింట్లో కూర్చోవాలి!"

విస్సన్న ఒప్పుకున్నాడు. "ఒక్క మనవి ప్రభూ. రోజూ పొద్దున్నే తమరు తోట తనిఖీకి రావాలి."

రాజు సరేనని, పందెం తేలేదాకా పొగబెట్టడం ఆపమన్నాడు. తన ఘనత రాజు కళ్లారా చూస్తాడని సేనాపతి ఉబ్బిపోయాడు.

తోట చుట్టూ, పైనా వలలు కట్టారు. భటులు వరసగా నిలబడి, "ఝుం! ఝుం!" అని ఒక్క గొంతుతో అరుస్తూ పువ్వు పువ్వునా నెమలీక తిప్పేవారు. రాజు చప్పట్లు కొట్టేవాడు.

విస్సన్నకు మాత్రం కూడు సయించేది కాదు. 'పొరపాటున ఒక్క కాయ నిలిచిందా, పిల్లాపాపలతో అత్తారింటికే!' అనుకుంటూ గోడమీద నుంచి తొంగిచూసేవాడు. పిందెలు పసుపుబారి రాలిపోతుంటే అప్పుడు ఊపిరి పీల్చుకునేవాడు.

కాపుకాలం వచ్చింది. కొలువువారందరినీ, వంటవాణ్ణీ వెంటబెట్టుకుని రాజు తోటకు వచ్చాడు. ఎన్ని ఆకులు ఎత్తినా ఒక్క కాయ లేదు. గోడవతల వల కట్టని కావలివాడి గుడిసె కప్పు మాత్రం గుమ్మడికాయల బరువుకు వంగిపోయింది.

"రణకేసరీ! నా దప్పళమేదయ్యా?"

సేనాపతి వంగి దణ్ణం పెట్టాడు. "మా సేవలో లోపం లేదు ప్రభూ! తమరు తనిఖీకి వస్తారని రోజూ ప్రతి పువ్వునూ పట్టుగుడ్డతో తుడిపించాను. లోపలి పసుపుపచ్చ దుమ్ము రవ్వంత కూడా మిగల్లేదు. ఆ తర్వాతే నెమలీక!"

విస్సన్న చేతులు జోడించాడు. "ఆ దుమ్మును ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చడమే ఈగ చేసే పని ప్రభూ. తనిఖీ అంటే సేనాపతిగారు గుర్రం గిట్టలు కూడా తోమిస్తారు. అందుకే తమర్ని రోజూ రమ్మన్నాను. ఈగ మీ ముక్కుమీద కుట్టింది, సేనాపతిగారు కడుపుమీద కొట్టారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరూరా ఖజానా సొమ్ముతో తేనెకుండలు పెట్టించండి! పూతకాలంలో పొగబెట్టినవాడికి కొరడా దెబ్బలు! ఇక సేనాపతిని ఏం చెయ్యమంటావోయ్?"

"మల్లవరం కుండలకు కాపలా పెట్టండి ప్రభూ. ఈగలకు తనిఖీలంటే భయం లేదు, తుడవబోతే ముక్కుమీదే కుడతాయి."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు తన మెడలోని ముత్యాలహారం విస్సన్నకు వేసి, కావలివాడి దగ్గర కొనిపించిన అన్నింటికన్నా పెద్ద గుమ్మడికాయను అతని చేతుల్లో పెట్టాడు. బరువుకు విస్సన్న అక్కడికక్కడే చతికిలబడ్డాడు.