జరిగినమ్మ ఇరుకు

ఉత్తరాంధ్ర తీరం కొసన, దారి ముగిసిపోయిన తరువాత పడవలో మరికొంత దూరం వెళితే, సముద్రం రెండు నల్లకొండల నడుమకు దూరిన చోటు ఒకటి వస్తుంది. ఇరువైపులా కొండలు నిటారుగా నీళ్లలోకి దిగి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం తప్ప అక్కడ నీటికి ఎండ తగలదు. ఈ ఇరుకులో, ఒడ్డు పక్కన మోకాలి లోతు నీటిలో నిలిచిన నల్లరాయే జరిగినమ్మ. ఆమె మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న గాడిని భక్తులు నేటికీ చూడవచ్చు. స్నేహితులు కలిసి పడవలో రావడం ఇక్కడి ఆచారం. పడవ నిలిచాక పూజారి ఒడ్డు నుంచి ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్పనిదే ఎవరినీ దిగనివ్వడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఈ చోటుకు పేరూ లేదు. కొర్లయ్య, మసేను, దండయ్య అనే ముగ్గురు జాలరి స్నేహితులు ఉమ్మడిగా కట్టించుకున్న తెరచాప పడవ మీద ఉత్తరంగా తిరుగుతూ ఒక సాయంత్రం ఈ ఇరుకులోకి వచ్చారు. వల వేసిన చోటల్లా చేపే. ఈ చోటు నాలుగో మనిషికి చెప్పకూడదని ఒట్టు వేసుకున్నారు. ఒట్టు వేసిన క్షణం నుంచే కొర్లయ్యకు మనశ్శాంతి పోయింది. మసేను అత్తవారి ఊరు ఉత్తరపు కొండకు ఆవలే ఉంది. బావమరుదులకు చెప్పకుండా ఉంటాడా? అన్నం తింటూ మసేను కొండవైపు చూస్తే, కొర్లయ్య మసేనువైపు చూశాడు. మసేను చూడటం మానేస్తే, ఎందుకు మానేశాడా అని మళ్లీ చూశాడు.

కొర్లయ్య చెడ్డవాడు కాడు. చిన్నతనంలో సుడిలో పడినప్పుడు తనను జుట్టు పట్టి లాగినది మసేనే అని అతను మరిచిపోలేదు కూడా. అనుమానం తిష్ఠ వేశాక అవేవీ గుర్తున్నా పనికిరావు.

లంగరు వేశాక పడవ కదిలిందీ లేనిదీ తెలియడానికి ఒడ్డున గుర్తులు పెట్టుకోవడం జాలరుల పద్ధతి. దండయ్య కొండ చీలికనూ దాని కింది తాటిచెట్టునూ ఒక వరుసలో చూసి పెట్టుకున్నాడు. కొర్లయ్య మాత్రం తాటిచెట్టు పక్కన, గట్టు మీదున్న నల్లరాతిని గుర్తు పెట్టుకుని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారేసరికి మసేను పడవలో తడిబట్టలతో కూర్చుని ఉన్నాడు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. కొండ చీలికనూ ఒడ్డునూ కప్పేసిన మంచులో నల్లరాయి తల తాటిచెట్టుకు బాగా ఎడంగా కనిపించింది.

"పడవ జరిగినాది," అన్నాడు కొర్లయ్య.

"గాలి తిరిగినాది మావా. లంగరు తాడు బండలకి ఒరుసుకుని తెగిపోయినాది. మిమ్మల్ని లేపే ఈలు నేక, తాడు కొసట్టుకుని దూకీసినాను. సేతికందిన రాయికి సుట్టీసి, గాలి పడిందాకా అట్టుకునే ఉన్నాను. పడవ జరగనేదు."

"నీటిలో రాయెక్కడుందిరా? సాయంత్రం నాను సూడనేదేటి? రేతిరి పడవ జరిపి నీ బామ్మర్దులకి సోటు సూపించీసినావు. ఈ పడవ మీద నీకింక సోటు నేదు. ఎల్లిపో."

మసేను నీళ్లలోకి దిగాడు. ఒడ్డుకు ఈది, ఉత్తరపు కొండ ఎక్కాడు. అటువైపే వెళ్లడంతో కొర్లయ్యకు మరో సాక్ష్యం దొరికింది.

చాలా క్షేత్రాలలో దేవత కలలో కనిపించి నిజం చెబుతుంది. ఇక్కడ అమ్మ ఆ పని చేయలేదు. అనుమానపు మనిషి కలను కూడా నమ్మడని ఆమెకు తెలుసు.

ఆటు మొదలై నీరు తగ్గింది. మంచు విడింది. దండయ్య తన గుర్తులు చూసుకుని, "సీలిక కిందే తాటిసెట్టుంది. పడవ అంగుళం కూడా జరగనేదు," అన్నాడు.

మరి జరిగిందేమిటి? కొర్లయ్య గట్టు మీదకు చూశాడు. తాటిచెట్టు పక్కన, రాయి ఉండిన చోట, గుంట మాత్రమే ఉంది. ఆ రాయి ఒడ్డు దిగి నీళ్లలో నిలబడి ఉంది. దాని మెడకు తమ పడవ తాడే చుట్టి ఉంది. ఒంటిగా పడవను ఆపలేక అవస్థపడుతున్నవాడి దగ్గరకు అమ్మ తానే జరిగి వచ్చింది.

 కొర్లయ్యకు అమ్మ భయం ఒకవైపు, స్నేహితుడు ఇక రాడేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ. వంటకు తెచ్చుకున్న పసుపు పంచె కొంగున కట్టుకుని కొండ ఎక్కాడు. మసేను అత్తవారి ఊరికి పోలేదు. సగం దారిలో కూర్చుని ఉన్నాడు.

"జరిగిందేదో జరిగినాది మావా, రా," అన్నాడు కొర్లయ్య.

"జరిగినాదెవరు?" అన్నాడు మసేను.

కొర్లయ్య అతని పక్కన కూర్చున్నాడు.

"అమ్మ. పడవ జరగనేదు. నువ్వూ జరగనేదు."

పసుపు తడిపి మసేను గాయాలకు తానే పూశాడు. మసేను చేతులు చాపాడు గానీ, ముఖం ఇటు తిప్పడానికి కొంత సమయం పట్టింది.

నేటికీ పడవ ఆగగానే పూజారి "జరిగినాదెవరు?" అని కేక వేస్తాడు. అందరూ "అమ్మే!" అని బదులిచ్చి దిగుతారు. అమ్మకు పసుపు పెట్టే ముందు, తమతో వచ్చినవారి అరచేతులకు పూయాలి. అలా పూసుకున్న స్నేహాలు చెడవని నమ్మకం. జాలరులు మాత్రం నల్లరాతిని ఎన్నడూ గుర్తుగా పెట్టుకోరు. అమ్మ మళ్లీ ఎవరికోసం జరుగుతుందో తెలియదు కదా.

ఎవరినో మాట అని, తోడు పోగొట్టుకుని ఒంటరిగా వచ్చేవారు కూడా ఉంటారు. పసుపు పట్టుకుని ఎవరికి పూయాలో తెలియక నిలబడతారు. వారి ముందుకు మసేను వంశపు పూజారి వచ్చి, తన రెండు చేతులూ చాపుతాడు.