నిప్పడిగే తమ్ముడు

ఒక కొండకు వణుకు జబ్బు వచ్చింది.

ఆ కొండ కింద ఒక ఆడమనిషి ఇల్లుంది. ఆమె కొండను తమ్ముడూ అని పిలిచేది, కొండ ఆమెను అక్కా అనేది. కొండ మాట్లాడటమేమిటని మీరు మొహం అలా పెట్టకండి. ఊహ తెలిసినప్పటి నుంచి దాని ఒంటిమీద సామలు చల్లి, కందులు కోసి, దాని మట్టి గోళ్ళలో ఉండగానే అన్నం తిన్న మనిషితో అది మాట్లాడక ఏం చేస్తుంది? మీరు ఏ కొండనైనా అంతకాలం పలకరించి చూశారా?

నల్లమబ్బు కనపడితే చాలు, కొండ గడగడా వణికేది. లేని ఏనుగులు తన మీద నడుస్తున్నాయని కేకలు పెట్టేది. వణికినప్పుడల్లా మట్టిపెళ్ళలు జారి అక్క పెరట్లో పడేవి. దానికి తోడు నిప్పు అలవాటొకటి. ఎండాకాలం వచ్చిందంటే బతిమాలడం మొదలు.

"అక్కా, ఒక్క చిన్న నిప్పు. ఈ మూలకే. ఇదే ఆఖరు, నీ మీద ఒట్టు."

అక్క పెట్టేది. కాలుతున్నంతసేపూ కొండ హాయిగా పడుకునేది మరి. ఆ బూడిద మీద తొలకరి పడితే పైరు చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావు. అదంతా మొదట్లో. తర్వాత మూల చాలలేదు, సగం చాలలేదు. పోయినేడు కొండంతా కాలినా పైరు మోకాలెత్తు రాలేదు, వణుకు మాత్రం రెట్టింపయింది. ఇంకో పెద్దవాన పడితే కొండ మొత్తం జారి ఇంటిమీద పడుతుందని ఊరంతా అన్నారు. వదిలేసి వచ్చెయ్యమన్నారు. తమ్ముణ్ణి వదిలి ఎక్కడికి పోతుంది?

వైద్యం కోసం తిరిగింది. ఏటికి తూర్పు ఒడ్డున వణుకు తగ్గించే వైద్యుడున్నాడు. ఆయన ఆమె చీర దగ్గర పొగవాసన పట్టి, "ముందు నిప్పు మాన్పించి తీసుకురా" అన్నాడు. కొండను తీసుకురావాలట! పడమటి ఒడ్డున నిప్పు మాన్పించే వైద్యుడున్నాడు. "వణికేవాడికి నా మాట ఎక్కదమ్మా, ముందు ఆ వణుకు తగ్గించుకు రండి" అన్నాడాయన. అక్క ఏరు దాటింది, మళ్ళీ దాటింది. ఏడుసార్లు అటూ ఇటూ దాటింది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరిదీ గట్టి చదువే. ఏరు దాటాల్సింది మాత్రం ఎప్పుడూ అక్కే.

ఎనిమిదోసారి మోకాటిలోతు నీళ్ళలో నిలబడిపోయి భోరున ఏడ్చింది. నెత్తిన గంపతో ఏరు దాటుతున్న ముసలామె ఒకతె ఆగింది.

"ఏమైందే పిల్లా?"

అక్క మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ముసలామె అంతా విని, "నీ తమ్ముడు నిప్పు ఎప్పుడడుగుతాడు?" అంది.

ఇంతమందిలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"వణుకొస్తుందని భయమేసినప్పుడు, పెద్దమ్మా."

"వణుకు ఎప్పుడెక్కువ?"

"కాల్చిన ఏడాది," అని, అక్క నోటిమీద చెయ్యేసుకుంది.

"పద, చూద్దాం," అంది ముసలామె.

వచ్చి ఆమె కొండను తిట్టలేదు. ఒక రోజంతా ఊరికే కూర్చుని కబుర్లాడింది. మర్నాడు గంపలోంచి వట్టివేరు పిలకలు తీసి, వాలుకు అడ్డంగా, వరసలు వరసలుగా అక్క చేత నాటించింది. వరసల మధ్య పసుపు, కంది, పనస పెట్టించింది. కొండ బెంగగా చూసింది.

"మరి నిప్పో?"

"ఈ ఏడు కింది మూల ఒక్కటీ కాలుద్దాం. వచ్చే ఏటి సంగతి అప్పుడు చూద్దాంలే నాయనా."

పూర్తిగా మానెయ్యమంటుందనుకున్న కొండ తెల్లబోయింది. వణుకొచ్చినప్పుడు అక్కను పక్కన కూర్చోమంది ముసలామె. ఏనుగులు లేవు గీవు అని వాదించొద్దంది. అక్క కూర్చుని, "ఎటు పోతున్నాయిరా?" అని అడిగేది. చెప్పి చెప్పి కొండ సోలిపోయేది. అలా ఒక వర్షాకాలం గట్టెక్కింది.

రెండో వేసవిలో చేసిందంతా బూడిదపాలైంది. ముసలామె వేరే ఊరు వెళ్ళిన వారంలో కొండ ఏడుపందుకుంది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. అక్క మనసు కరిగిపోయింది. తన చేత్తోనే నిప్పు పెట్టింది. మూల కాదు, సగం కొండ పోయింది, వట్టివేరుతో సహా. ముసలామె తిరిగొచ్చేసరికి అక్క సిగ్గుతో తలుపు వెనక నక్కింది.

ముసలామె పిలిచింది. "ఎంత కాలిందే?"

"సగం, పెద్దమ్మా."

"అంతకుముందు?"

"మొత్తం."

"మరి సగం కాలలేదుగా. ఇలా రా."

నల్లగా మాడిన వట్టివేరు దుబ్బు ఒకటి పట్టుకుని లాగమంది. అక్క లాగింది. రెండు చేతులా లాగింది. కాలు తన్నిపెట్టి లాగింది. అబ్బే, దుబ్బు వస్తేనా! వంగి చూస్తే, మసి నడుమ గోరంత పచ్చ మొలక. పైన అంత మంట మండినా కింద పట్టు వదల్లేదు. ఆమె ఆ మొలక ముందు కూలబడి దణ్ణం పెట్టింది.

మరి రెండేళ్ళకు ముసలామె చనిపోయింది. ఆ ఏడే పెద్దవాన వచ్చింది.

అలాంటి వాన ఆ దేశంలో ఎవరూ ఎరుగరు. రెండు పగళ్ళు ఆకాశం కనపడలేదు. రెండోరోజు మధ్యాహ్నం ఏటి అవతల ఒక కొండ విరిగి, చెట్లతో, గొడ్లతో సహా ఏట్లో పడింది. ఊరివాళ్ళు పరుగెత్తుకొచ్చి అక్కను రమ్మని అరిచారు. అక్క పైకి పరుగెత్తింది. కొండ వణుకుతోంది.

"అక్కా, నిప్పు! అక్కా, చచ్చిపోతాను!"

"వింటున్నానురా. ఇక్కడే ఉన్నాను."

ఆమె బురదలో బోర్లా పడుకుని కొండకు చెవి ఆనించింది. లోపలెక్కడో, మనిషి నిలువుకు రెండింతల కింద, కిర్రుమని చప్పుడు. వేళ్ళు! వేలకు వేల వేళ్ళు చీకట్లో మట్టిని పిడికిళ్ళతో పట్టుకుని బిగిస్తున్నాయి. తను నాటినవి గంపెడు పిలకలు. ఇంత బలగం ఎప్పుడు తయారైందో, తన కాళ్ళ కిందే ఇన్నాళ్ళూ ఎలా పెరిగిందో! భయం ఎటు పోయిందో పోయింది. అక్క అలాగే చెవి ఆనించి వింటూ ఉండిపోయింది.

మూడోనాటి పొద్దున వాన వెలిసింది. ఇల్లు ఇల్లుగానే ఉంది. కొండ నోరు విప్పింది.

"అక్కా, ఎవరో ఏడుస్తున్నారు."

అక్క చెవి రిక్కించింది. తన తమ్ముడి గొంతు తప్ప వేరే కొండ గొంతు ఆమె ఏనాడూ విని ఎరుగదు. ఇప్పుడు వినిపించింది. ఏటి అవతల ఒకటి. దాని వెనక ఇంకొకటి. దాని వెనక, కనుచూపు ఆనినంత మేరా, మబ్బుల్లో మునిగిన కొండలన్నీ నిప్పు కోసం ఏడుస్తున్నాయి.

"ఇన్నా!" అంది అక్క.

"నన్ను తవ్వు. వాళ్ళకు పిలకలు పట్టుకెళ్ళు."

"ఇంత వాన పడ్డాకా? మట్టి ఇంకా పచ్చిగా ఉందిరా. జారావంటే?"

"తవ్వక్కా."

అక్క వెళ్ళి గునపం తెచ్చింది. ఒక దుబ్బు మొదట్లో దాన్ని ఆనించి, కళ్ళు మూసుకుని, బలమంతా పెట్టి దించింది.

కొండ కదల్లేదు.