కాసులమ్మ కొంగు

మా కన్నారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది, దాన్ని మేం చాదస్తం అనేవాళ్లం. దంతవైద్య కళాశాలలో నోటి జబ్బుల విభాగం ఆయనది. దవడ నొప్పి అనో, బుగ్గలో పోటు అనో ఎవరైనా వస్తే, నోరు తెరవమని అడగడానికి ముందు ఆయన లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేసేవారు. విశాఖపట్నంలో మే నెల ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లకోట్లు వీపులకి అతుక్కుపోయి, చెమటలు కక్కుతూ నిలబడేవాళ్లం. పెద్దాయనకి కరెంటు బిల్లు మీద బెంగ కాబోలని చాటుగా నవ్వుకునేవాళ్లం. చదువుకునే రోజులు కదా, నవ్వడానికి తీరిక ఉండేది.

ఒకరోజు మేం కొందరం ఆయన గదిలో ఉండగా ఇందుమతి కేసు కాగితం పట్టుకుని వచ్చింది. మా బ్యాచ్‌లో చురుకైన పిల్ల, అనుమానం వస్తే మనసులో దాచుకునే రకం కాదు. బయట బల్ల మీద ఒక బస్సు కండక్టరు కూర్చున్నాడు, కుడి బుగ్గలో పోటని. ఊళ్లో ఎవరో అప్పటికే రెండు పళ్లు పీకారు గానీ పోటు పోలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మిగిలిన పళ్లు రాళ్లలా ఉన్నాయి. పక్కనున్న భార్యేమో, డ్యూటీ ఎగ్గొట్టడానికి ఈయన వేస్తున్న వేషాలివన్నీ అని నలుగురికీ వినపడేట్టు చెబుతోంది.

"ఎక్కడా ఏమీ కనపడలేదు సార్. ఏమీ లేదనే రాసెయ్యనా?" అని అడిగింది ఇందుమతి.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కూర్చోమ్మా అన్నారు. తరువాత ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన చెప్పినంత నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు.

భీమిలి అవతల ఒక జాలరి పల్లెలో కాసులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ తీరాన ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు, అంటే నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. కాసులమ్మ కూడా పెళ్లినాటి నుంచీ కాల్చింది. అంగిట్లో పుండు లేచి డాక్టరు భయపెట్టాక, మొగుడు ఎర్రయ్య ఆమె చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. వేటకి సముద్రం మీదికి వెళ్లే మనిషి నెత్తిన వేసిన ఒట్టు అది. కాసులమ్మ ఆ రోజుతో చుట్ట మానేసింది, మళ్లీ ముట్టుకోలేదు.

కొన్నాళ్లకి ఆమెకి కుడి బుగ్గలో పోటు మొదలైంది. గాలి తగిలితే చాలు, మాట్లాడితే చాలు, మెతుకు నమిలితే చాలు, కరెంటు తీగ ఆనించినట్టు కొట్టేది. కొట్టి ఆగేది, మళ్లీ కొట్టేది. సముద్రం ఒడ్డున గాలి లేని చోటు ఎక్కడని వెతుక్కుంటుంది? కొంగు మూతికి చుట్టుకుని, గోడవైపు తిరిగి, పెదవి కదపకుండా కూర్చోవడం నేర్చుకుంది. ఇక చూడండి. ఆ పల్లెలో దొంగచాటుగా చుట్ట కాల్చే ఆడది సరిగ్గా అలాగే కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. మనవడు ముద్దు పెట్టుకోబోతే మొహం తప్పించుకుంటుంది. పొగ వాసన బయటపడుతుందని భయం కాబోలు అనుకున్నారందరూ. నొప్పి భరించలేక పన్ను పీకించుకోవడానికి వెళ్తే, పీకినాయన కూడా అంగిట్లో పాత మచ్చలు చూసి, ముందు ఆ చుట్ట మానమ్మా అని కసిరి పంపాడు. పన్ను పోయింది, పోటు ఉండిపోయింది. ఇంట్లోవాళ్లకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కోడలు బియ్యం డబ్బాలో వెతికింది, దిండు కింద వెతికింది. ఏమీ దొరక్కపోవడం కూడా అత్తగారి గడుసుతనం కిందే జమ అయింది.

ఎర్రయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె చేత్తో పెట్టిన అన్నం తినడం మానేశాడు. ఆ ఏడే అతనికి కామెర్లు వచ్చాయి. మంచం పట్టినవాడు మరి లేవలేదు. పెళ్లాం తప్పిన ఒట్టే మొగుణ్ణి కొట్టిందని ఊరంతా అంది.

కర్మలయ్యాక కొడుకు దాసు తల్లిని ఆస్పత్రికి తీసుకొచ్చాడు. వైద్యానికి కాదు. నోరు తెరిపించి, చుట్ట కాలుస్తోందో లేదో తేల్చి చెప్పమన్నాడు. కాలుస్తోందని తేలితే తన గడప తొక్కనివ్వనని ఆమె ఎదుటే అన్నాడు. మాస్టారు అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన రోజులవి. ఎంత బతిమాలినా ఆమె కొంగు తియ్యలేదు, కళ్లు మాత్రం కనపడేట్టు కూర్చుంది. కొడుకు చూశారా డాక్టరుగారూ అన్నట్టు చూశాడు. ఇంతలో కరెంటు పోయింది. గదిలో ఉన్నవాళ్లంతా ఉస్సురన్నారు. నెత్తి మీద ఫ్యాన్ రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. అవి ఆగగానే కాసులమ్మ, ఎవరూ అడక్కుండానే, కొంగు దించింది.

కాగితాలతో విసురుకోబోతున్నవాళ్లని మాస్టారు వారించారు. అప్పుడు అడిగారు, గాలి తగిలితే ఏమవుతుందమ్మా అని. అడిగిన మనిషి లేకపోబట్టి గానీ చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. ఆగి ఆగి, బుగ్గ కదలకుండా, అంతా చెప్పింది. టార్చి వేసి చూస్తే పాత మచ్చలు పాలిపోయి అంగిలి దాదాపు మామూలు రంగుకి వచ్చేసింది. అక్కడ పొగ తగిలి చాలా కాలమైంది. జబ్బు పంటిది కాదు, మొహానికి వెళ్లే నరానిది. అది పంటి ఎక్స్‌రేలో కనపడదు. దానికి మూర్ఛరోగులకి ఇచ్చే మందే ఇస్తారు, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేయిస్తూ, చూసుకుని పెంచుతారు. ఇవన్నీ దాసుకి వివరంగా చెప్పి, మీ అమ్మ ఒట్టు తప్పలేదయ్యా అన్నారట మాస్టారు. దాసు వెళ్లి కిటికీ రెక్కలు మూసి వచ్చాడు.

మందు పనిచేసింది. కొన్ని రోజులు పోయాక కాసులమ్మ మళ్లీ వచ్చింది, కొంగు భుజాన వేసుకుని, మొహమంతా గాలికి వదిలేసి. మాస్టారికి సంతోషం పట్టలేదు. చిన్న వయసు, పదిమందికీ అంతుపట్టని జబ్బు తాను పట్టుకున్నానన్న పొంగు. ఎలా ఉందమ్మా అని నవ్వుతూ అడిగారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"పోటు నేదు బాబూ," అంది. "ఆయన పోయే ముందు నన్నొక్క మాట అడిగినాడు, కాల్చినావా అని. అప్పుడే పోటొచ్చి నోరు కట్టేసింది. తగ్గినాక నేదని సెప్పినాను. అప్పటికే గోడవైపు తిరిగిపోనాడు. ఇన్నాడో నేదో నాకు తెల్దు."

మాస్టారు అక్కడితో ఆపి, బల్ల మీది కళ్లజోడు అందుకుని పెట్టుకున్నారు.

ఇందుమతి కాగితం చేతిలో పట్టుకుని తలుపు వైపు చూసింది. తలుపు సందులోంచి కండక్టరు కనపడుతున్నాడు. తువ్వాలు బుగ్గకి చుట్టుకుని, కిటికీకి దూరంగా, బల్ల చివరికంటా జరిగి కూర్చున్నాడు. భార్య పక్కావిడతో ఇంకా చెబుతూనే ఉంది. అతను మాత్రం మారు పలకడం లేదు.

మాస్టారు లేచి వెళ్లి ఫ్యాన్ ఆపారు.

"ఏమీ లేదని నువ్వు రాసిచ్చేది అతనికేనమ్మా," అన్నారు. "దాన్ని ఇంట్లో చదివేది మాత్రం వేరేవాళ్లు. పిలు అతన్ని."